మల్లె మొక్క నిండా ఆకులే, మొగ్గ మాత్రం లేదు

మైలవరం అమ్మాయి (నిజాంపేట, హైదరాబాద్) · నవంబరు 24

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు రెండేళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా పుట్టిల్లు మైలవరం పక్క పల్లె. అప్పట్లో కృష్ణా జిల్లా, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. మల్లెతోటల మధ్యే పెరిగాను. ఐదేళ్ల కిందట అమ్మ తన పెరటి దొంతరమల్లె నుంచి ఒక కొమ్మను నేలంటు తొక్కి, వేళ్లు వచ్చాక తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది. దాన్ని పద్దెనిమిది అంగుళాల కుండీలో వేసి మేడ మీద పెట్టాను. మొదటి రెండు వేసవులు బాగానే పూసింది. తర్వాత ఏటేటా తగ్గుతూ వచ్చి, పోయిన వేసవి మొత్తం మీద నలభై పూలు కూడా రాలేదు.

మొక్క మాత్రం ఏపుగా ఉంది. తీగలు పిట్టగోడ దాటి పక్కకు వాలుతున్నాయి. నెలనెలా వర్మికంపోస్ట్ వేస్తాను. రెండు నెలలకోసారి చెంచాడు డీఏపీ ఎరువు. బియ్యం కడిగిన నీళ్లు, ఆర్వో మెషీన్ నుంచి వచ్చే వేస్ట్ నీళ్లు రోజూ పోస్తాను. ఈమధ్య లేత ఆకులు పసుపు పచ్చగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉంటున్నాయి.

ఉగాదికి అమ్మ వస్తానంది. తను ఇచ్చిన మొక్క ఇలా ఉంటే చూపించడానికి మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?

మూడో అంతస్తు (విజయవాడ) · నవంబరు 24

అరటి తొక్కలు మూడు రోజులు నానబెట్టి ఆ నీళ్లు పోయండి. ఉల్లిపాయ తొక్కలు కూడా. మా గులాబీకి అలాగే చేస్తాను.

గోదారి గట్టు (కడియపులంక) · నవంబరు 25

తొక్కల నీళ్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు నాలుగు విషయాలు చెప్పండి అమ్మా. రోజుకు ఎండ ఎన్ని గంటలు తగులుతుంది? నీడ కాదు, వెలుతురు కాదు, ఎండ. ఆఖరిసారి కొమ్మలు ఎప్పుడు కత్తిరించారు? ఐదేళ్లలో మట్టి ఎప్పుడైనా మార్చారా? కుండీ అడుగు రంధ్రం లోంచి నీళ్లు బయటికి వస్తున్నాయా?

నేను పుట్టింది నర్సరీల మధ్యే, పని చేసేదీ అక్కడే. మా దగ్గరికి వచ్చి "పూయడం లేదు, మంచి మందు ఇవ్వండి" అనే పదిమందిలో ఎనిమిది మందికి మందు అక్కర్లేదు.

మైలవరం అమ్మాయి · నవంబరు 25

గోదారి గట్టు గారూ, ఒక్కొక్కటే చెబుతాను. తూర్పువైపు మూడేళ్ల కిందట ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది. అప్పటి నుంచి మా మేడ మీద ఆ మూలకు పదకొండింటి దాకా ఎండ రాదు, మళ్లీ రెండింటికల్లా వాటర్ ట్యాంక్ నీడ పడుతుంది. అంటే మూడు గంటలు.

మట్టి మార్చలేదు. నీళ్లు కిందికి వస్తాయి కానీ నెమ్మదిగా. కుండీ అంచుల చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు ఉంది.

కొమ్మలు ఎప్పుడూ కత్తిరించలేదు. అమ్మ ఇచ్చిన మొక్క కదా, కత్తెర పట్టుకుని వెళ్లడం, పచ్చటి కొమ్మ చూసి తిరిగి రావడం. రెండుసార్లు అలాగే జరిగింది.

తోట మాస్టారు (తాడేపల్లిగూడెం) · నవంబరు 26

అమ్మాయీ, ఉద్యాన శాఖలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. నీ మొక్కకు జబ్బేమీ లేదు. మూడు గంటల ఎండ, ఐదేళ్ల పాత కొమ్మలు, అడగకుండానే దొరుకుతున్న తిండి. ఆ మూడూ కలిస్తే ఏ మల్లె అయినా ఆకులే వేస్తుంది.

ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. మల్లె మొగ్గ పాత కొమ్మ మీద రాదు. ఆ ఏడు పుట్టిన కొత్త చిగురు చివర, దాని పక్క రెమ్మల చివర వస్తుంది. పాత కొమ్మ పొడుగు సాగుతూ పోతే కొసన నాలుగు చిగుళ్లు వేస్తుంది, ఆ నాలుగింటికే పూలు. అదే కొమ్మను మోకాలి ఎత్తున కోస్తే కణుపు కణుపునా రెండేసి చిగుళ్లు లేస్తాయి. ఎన్ని చిగుళ్లు లేస్తే అన్ని గుత్తులు. మీ ఊరి తోటల్లో ఏటా చలికాలం కొమ్మలు కొట్టేది ఇందుకే. చిన్నప్పుడు చూసే ఉంటావు.

పద్ధతి చెబుతాను. నేటి నుంచే నీళ్లు తగ్గించు. పదిహేను రోజులు మొక్క వాడకుండా, అంటే పూర్తిగా తల వేలాడేయకుండా ఉండటానికి ఎంత కావాలో అంతే పోయి. ఆకులు కాస్త ముదిరి, పండి రాలుతాయి. భయపడకు, మనకు కావలసింది అదే. ఎరువు ఏదీ వేయొద్దు. డిసెంబరు రెండో వారంలో మంచి పదునున్న కత్తెరతో అన్ని కొమ్మల్నీ మట్టి నుంచి 45 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తులో కోసెయ్. ఎండిపోయినవి, పెన్సిల్ కన్నా సన్నగా లోపలికి పెరిగినవి, ఒకదానికొకటి రాసుకునేవి మొదలంటా తీసెయ్. మిగిలిన ఆకులు కూడా చేత్తో దూసెయ్. కోసిన చోట కుళ్లు పట్టకుండా కాపర్ ఆక్సీక్లోరైడ్ మందు లీటరు నీటికి మూడు గ్రాములు కలిపి రాయి. అది లేకపోతే పసుపు ముద్ద పెట్టినా ఫర్వాలేదు.

అదే రోజు మట్టి పని చెయ్. కుండీలోంచి మొక్కను తీసి, చుట్టలు చుట్టుకున్న వేళ్లలో బయటివైపు మూడో వంతు కోసెయ్. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక లేదా కొబ్బరి పొట్టు ఒక పాలు. అందులో రెండు గుప్పిళ్ల వేపపిండి, గుప్పెడు ఎముకల పొడి. అంతే. చిగుళ్లు రెండంగుళాలు సాగే వరకూ మరేమీ వేయొద్దు.

అన్నిటికన్నా ముందు, కుండీని ఆ మూల నుంచి జరుపు. ఆరు గంటల ఎండ దొరకని చోట ఇవన్నీ చేసి ప్రయోజనం లేదు.

ఓరుగల్లు పెరడు (హన్మకొండ) · నవంబరు 26

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. అంత కిందికి కోయమంటే నాకు భయం వేస్తుంది. పోయిన ఏడాది ఎవరో చెబితే నేను మల్లెను సగానికి కోశాను. పదిహేను రోజుల్లో మొత్తం నల్లబడి చచ్చిపోయింది. ఎనిమిదేళ్ల మొక్క. ఆ అమ్మాయికి కూడా అలా కాకూడదని రాస్తున్నాను.

తోట మాస్టారు · నవంబరు 26

ఏ నెలలో కోశారు? కోశాక నీళ్లు ఎలా పోశారు?

ఓరుగల్లు పెరడు · నవంబరు 26

మే నెల మొదటి వారం. పూలు అయిపోయాయి కదా అని కోశాను. ఎండలు బాగా ఉన్నాయని పొద్దున ఒక బకెట్, సాయంత్రం ఒక బకెట్ పోశాను.

తోట మాస్టారు · నవంబరు 27

అయితే చంపింది కోత కాదండి. మొక్క నీళ్లు తాగేది ఆకుల కోసం. ఆకులన్నీ తీసేశాక దానికి పూటకో బకెట్ ఎందుకు? వేళ్లు నానిపోయి కుళ్లిపోయాయి. పైన నీడనిచ్చే ఆకు లేక, వరంగల్ మే ఎండకు బెరడు కాలిపోయింది. రెండు వైపుల నుంచీ దెబ్బ తగిలింది.

అమ్మాయీ, నువ్వు కూడా ఇది గుర్తుపెట్టుకో. కోసిన రోజు ఒకసారి నిండుగా నీళ్లు పోయి. తర్వాత వేలు మట్టిలోకి రెండు కణుపులు దింపి చూసి, పొడిగా తగిలితేనే పోయాలి. చలికాలంలో అది నాలుగైదు రోజులకోసారి కావచ్చు. పెద్ద కోత చలికాలానిదే. వేసవిలో ఒక పూత అయ్యాక పూసిన కొసలు నాలుగంగుళాలు తుంచడం వేరే పని, అది మొదలంటా కోయడం కాదు.

ఓరుగల్లు పెరడు · నవంబరు 27

ఇన్నాళ్లూ కత్తెరనే తిట్టుకున్నాను. కొత్త మొక్క తెచ్చుకుంటాను మాస్టారూ.

గోదారి గట్టు · నవంబరు 27

మాస్టారు చెప్పిన నీళ్లు ఆపడం గురించి నాది ఒక మాట. మా మేనమామ తోటలో కార్తీకం వెళ్లగానే మల్లెకు తడి ఆపేసి, గొర్రెల మందను తోటలోకి తోలించేవాడు. అవి ఆకులన్నీ మేసేసి, ఎరువు కూడా వేసిపోయేవి. తర్వాత కొడవలితో కొమ్మలు కొట్టించేవాడు. నాకు ఆరేడేళ్లుంటాయి. మోళ్లు మిగిలిన ఆ పొలం చూసి తోట చచ్చిపోయిందని ఏడ్చానట. మార్చిలో అదే పొలం గట్టు మీద నిలబడితే వాసనకు తల తిరిగేది.

అమ్మా, మీ ఆర్వో నీళ్ల గురించి. అవి ఆపేయండి. మెషీన్ మంచినీళ్లను ఒక పక్కకు తీసి, ఉప్పంతా రెండో పైపులోకి నెడుతుంది. మీరు పోస్తున్నది ఆ రెండో పైపు. కుండీ అంచు తెల్లబడింది దానివల్లే.

మూడో అంతస్తు · నవంబరు 27

నీళ్లు వృథా చేయకూడదని అందరం అవే కదండీ మొక్కలకు పోస్తున్నాం. మొత్తానికి తప్పంటారా?

గోదారి గట్టు · నవంబరు 28

మీ ఇంటికి వచ్చే నీళ్లను బట్టి ఉంటుంది. మంజీరా, కృష్ణా లాంటి నది నీళ్లు వచ్చే ఇళ్లలో వేస్ట్ నీళ్లు అంత ఉప్పగా ఉండవు, సగానికి సగం మామూలు నీళ్లు కలిపి అప్పుడప్పుడు పోయొచ్చు. బోరు నీళ్ల మీద ఆర్వో నడిస్తే మాత్రం ఆ వేస్ట్ నీళ్లతో నేల తుడుచుకోండి, బాత్రూమ్ కడుక్కోండి. నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతో చూపే చిన్న టీడీఎస్ మీటరు కొనుక్కుని ఒకసారి చూస్తే అనుమానం తీరిపోతుంది.

మైలవరం అమ్మాయి · నవంబరు 29

మీటరు మా వారి ఆఫీసు స్నేహితుడి దగ్గర దొరికింది. బోరు నీళ్లు 870 పీపీఎం. ఆర్వో వేస్ట్ 1540. ఐదేళ్లుగా పోస్తున్నది ఇదే. చూడగానే బాధేసింది.

మరి ఆ పసుపు ఆకులకు కూడా ఇదే కారణమా?

తోట మాస్టారు · నవంబరు 29

అవును. లేత ఆకు పసుపు, ఈనె ఆకుపచ్చ అంటే ఇనుము అందడం లేదని. మట్టిలో ఇనుము ఉంటుంది, కానీ సున్నం పాలు ఎక్కువైన బోరు నీళ్లు పోసి పోసి మట్టి చౌడు వైపు తిరిగితే వేరు దాన్ని తీసుకోలేదు. దానికి తోడు డీఏపీ. డీఏపీలో నత్రజని 18 శాతం, భాస్వరం 46 శాతం. ఆ భాస్వరం కుండీలోంచి ఎక్కడికీ పోదు, పేరుకుంటుంది, ఇనుమును మరింత కట్టేస్తుంది. వేసేది పూల కోసం, జరిగేది తిరగబడి.

అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉండే ఉప్పు) లీటరు నీటికి 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి వారానికోసారి సాయంత్రం పూట ఆకుల మీద కొట్టాలి. నీ విషయంలో ఇప్పుడు వద్దు, ఎలాగూ ఆకులు తీసేస్తున్నాం. కొత్త చిగుళ్లు వచ్చాక అవి కూడా పసుపుగా ఉంటేనే. నూరువరహాల చెట్లు పెంచేవాళ్లకూ ఇదే మందు. హైదరాబాదు బోరు నీళ్లకు అవి ముందుగా పాలిపోతాయి.

సీమ గులాబీ (కడప) · నవంబరు 30

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నా గులాబీది కూడా ఇదే బాధ. పోయిన ఏడాది ఎర్ర గులాబీ తెచ్చాను, నాలుగు నెలలు బాగా పూసింది. ఇప్పుడు ఆరడుగుల కొమ్మలు వేసింది, ఒక్క పువ్వు లేదు. ఆకులు కూడా చిన్నగా వేరేలా ఉన్నాయి. అక్టోబరులో కోత కూడా చేశాను.

గోదారి గట్టు · నవంబరు 30

ఆ పొడుగు కొమ్మ ఎక్కడి నుంచి లేచిందో కిందికి వంగి చూడండి. అంటు కట్టిన బుడిపె కింద నుంచి లేచి ఉంటే అది మీ ఎర్ర గులాబీ కాదు, అంటుకు కింద వాడిన అడవి గులాబీ. దాని రెబ్బకు ఏడు ఆకులుంటాయని కొందరు లెక్కపెడతారు, కానీ మంచి రకాల్లోనూ ఏడు ఉండేవి ఉన్నాయి. అందుకే లెక్కకన్నా పుట్టిన చోటే గుర్తు. పైపైన కత్తిరిస్తే రెట్టింపు బలంతో లేస్తుంది. మట్టి తవ్వి, పుట్టిన చోటికి వెళ్లి, చేత్తో కిందికి లాగి చీల్చేయాలి.

సీమ గులాబీ · డిసెంబరు 1

చూశాను. మట్టిలోంచే లేచింది. అసలు గులాబీ పక్కన జానెడు మోడులా మిగిలి ఉంది, దానికి ఒక ఎర్ర చిగురు ఉంది! అడవి కొమ్మలు మూడూ పెరికేశాను. అక్టోబరు కోతలో నేను అసలు కొమ్మను కోసి దీన్ని ఉంచానన్నమాట.

మూడో అంతస్తు · డిసెంబరు 2

అయితే నా చామంతి సంగతి కూడా చెప్పండి. పోయినేడు కొన్న కుండీ. పూలయ్యాక మొదలంటా కోశాను, పిలకలు బాగా వచ్చాయి, ఆగస్టు దాకా తలలు తుంచి గుబురు చేశాను. అంతా చెప్పినట్టే చేశాను. డిసెంబరు వచ్చింది, కింది ఇంటివాళ్లవి విరగబూశాయి, నావి పచ్చగా అలాగే ఉన్నాయి. ఒక వింత ఉంది. బాల్కనీలో ఏసీ డబ్బా వెనక్కి వంగిన రెండు కొమ్మలకు మాత్రం మొగ్గలున్నాయి.

తోట మాస్టారు · డిసెంబరు 2

మీ బాల్కనీ ఎదురుగా వీధిదీపం ఉందా?

మూడో అంతస్తు · డిసెంబరు 2

ఉందండి! సరిగ్గా మా అంతస్తు ఎత్తులోనే. వేసవిలో పాతది తీసి తెల్ల ఎల్ఈడీ వేశారు. రాత్రంతా బాల్కనీలో పేపరు చదువుకోవచ్చు.

తోట మాస్టారు · డిసెంబరు 2

అదే మరి. చామంతి రాత్రిని కొలుస్తుంది. పగలు తగ్గి చీకటి వరుసగా పొడుగైతేనే మొగ్గ తొడగాలని దానికి తెలుస్తుంది. మధ్యలో దీపం పడితే ఇంకా వేసవే అనుకుని ఆకులు వేస్తూ పోతుంది. పాలీహౌస్‌లలో రైతులు పూతను వెనక్కి నెట్టాలంటే కావాలనే రాత్రుళ్లు బల్బులు వెలిగిస్తారు. మీకు ఆ పని వీధిదీపం చేసిపెడుతోంది. ఏసీ డబ్బా నీడ పడిన కొమ్మలకు చీకటి దొరికింది, పూశాయి.

కుండీని దీపం పడని వైపుకు మార్చండి. వీల్లేకపోతే సాయంత్రం ఆరింటికి నల్లటి మందపాటి గుడ్డ కప్పి పొద్దున ఏడింటికి తీయండి. ఒక్క రోజు కూడా మానకూడదు. రెండు నెలలు పడుతుంది.

ఎడిసన్ పెరడు (న్యూజెర్సీ) · డిసెంబరు 4

మాస్టారి మాట విన్నాక నాకు ఒకటి తట్టింది. ఇక్కడ నా మల్లె కుండీ అక్టోబరులోనే ఇంట్లోకి వస్తుంది. రాత్రి చలి పది డిగ్రీలకు దిగాక బయట ఉంచను. దక్షిణం కిటికీ దగ్గర పెట్టి నీళ్లు బాగా తగ్గించేస్తాను. ఫిబ్రవరి చివర్లో కోసి, మే మధ్యలో బయట పెడతాను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పూలు. అంటే మన ఊళ్లో నీళ్లు ఆపి, గొర్రెల్ని తోలి తెప్పించే విశ్రాంతిని ఇక్కడ చలే ఇస్తోంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకం మా పెరట్లో పియోనీ. పెద్ద ముద్ద గులాబీలా పూస్తుంది, ఇక్కడివాళ్లకు ప్రాణం. దానికి మంచు కావాలి, చలి తగలకపోతే మొగ్గ రాదు. ఇల్లు కొన్నాక నేను నాటింది నాలుగేళ్లు పూయలేదు. పక్కింటి పెద్దావిడ వచ్చి మట్టి కెలికి చూసి, దుంప మీది ఎర్ర కళ్లు (చిగురు మొలిచే చోట్లు) నాలుగంగుళాల లోతున ఉన్నాయి, రెండు అంగుళాలు దాటకూడదు అంది. పోయిన సెప్టెంబరులో పైకి తీసి నాటితే ఈ మేలో ఆరు పూలు పూసింది. ఎరువు ఏమీ మార్చలేదు, లోతు ఒక్కటే.

మైలవరం అమ్మాయి · డిసెంబరు 13

కోశాను.

పొద్దున్నే వెళ్లాను. నీళ్లు తగ్గించి పద్దెనిమిది రోజులైంది, సగం ఆకులు పండి రాలిపోయి ఉన్నాయి కాబట్టి ఈసారి చేతులు వచ్చాయి. స్కేలు పెట్టి 45 సెంటీమీటర్ల దగ్గర కొమ్మలకు ఎర్ర దారం కట్టుకుని, దారం పైన ఉన్నదంతా కోశాను. పైన ఆకుపచ్చగా కనిపించే కొమ్మల లోపల చాలా వాటికి గోధుమ రంగు ఎండు పుల్లలే ఉన్నాయి. బతికున్న కొమ్మ కోస్తే తడిగా, లేత ఆకుపచ్చ వలయం, మధ్యలో తెల్లటి బెండు. ఎండుది కోస్తే టక్‌మని విరిగి పొడి రాలింది. ఇరవై రెండు కొమ్మల్లో తొమ్మిది మొదలంటా తీసేయాల్సి వచ్చింది.

మొక్క కుండీ నుంచి ఓ పట్టాన బయటికి రాలేదు. మా వారు కుండీని పడుకోబెట్టి చుట్టూ చేత్తో తట్టి తట్టి లాగితే మట్టి కాదు, వేళ్ల బుట్ట వచ్చింది. కుండీ ఆకారంలోనే గుండ్రంగా అల్లుకుపోయింది. అడుగున రంధ్రం దగ్గర వేళ్లు గట్టిగా బిరడాలా పట్టేశాయి. నీళ్లు నెమ్మదిగా దిగడం అందుకేనేమో. రంపం కత్తితో చుట్టూ మూడో వంతు తీసి, మాస్టారు చెప్పిన మట్టి కలిపి నాటాను.

కుండీని పడమటి వైపు లిఫ్ట్ రూమ్ ముందుకు మార్చాను. అక్కడ పది నుంచి నాలుగున్నర దాకా ఎండ. నీళ్లు ఇకనుంచి మంజీరా పంపువి పట్టి పోస్తాను. పదమూడు మోళ్లు నిలబడి ఉన్నాయి. అమ్మకు ఇంకా చెప్పలేదు.

గోదారి గట్టు · డిసెంబరు 13

ధైర్యంగా చేశారమ్మా. పెన్సిల్ మందం ఉన్న పచ్చి కొమ్మలు పారేయకండి. జానెడు ముక్కలు చేసి ఇసుకలో గుచ్చి నీడన పెట్టండి. చలికి అన్నీ నాటుకోవు, నాలుగు నాటుకున్నా నాలుగు మొక్కలు.

విశాఖ మేడ (మధురవాడ) · డిసెంబరు 20

మీరంతా కొమ్మలు కొట్టడం చూసి నా కనకాంబరం గురించి అడగాలనిపించింది. నాలుగేళ్ల మొక్కలు, పూల కంకులు కురచగా వస్తున్నాయి. మొక్క గిడసబారింది, ఎరువు వేసినా తేరుకోవడం లేదు.

తోట మాస్టారు · డిసెంబరు 21

ఒక మొక్కను పీకి వేళ్లు కడిగి చూడండి. వేళ్ల మీద పూసల్లా బుడిపెలు ఉంటే నులిపురుగులు, అంటే మట్టిలో ఉండి వేళ్లలో చేరే సన్నటి పురుగులు. కనకాంబరానికి అవే పెద్ద శత్రువు. ఆ మొక్కలు, ఆ మట్టి రెండూ వదిలేయండి. కొత్త మట్టిని ఎండలో పలచగా ఆరబెట్టి, వేపపిండి కలిపి, పక్కన నాలుగు బంతి మొక్కలు వేయండి. బుడిపెలు లేకపోతే మాత్రం ఎండిన కంకులు ఎప్పటికప్పుడు తెంపడం, కొమ్మలు సగానికి కోయడం చాలు. కంకిని గింజకు వదిలితే మొక్క బలమంతా గింజకే పోతుంది.

విశాఖ మేడ · డిసెంబరు 22

బుడిపెలే ఉన్నాయి మాస్టారూ. ఎండు కాయలు కొన్ని ఏరి దాచుకున్నాను. మా పాప వాటిని నీళ్ల గిన్నెలో వేసి చిటపటమని పేలుతుంటే గింజలు పట్టుకుంటోంది. వాటితోనే మళ్లీ మొదలుపెడతాను.

మైలవరం అమ్మాయి · జనవరి 9

ఇరవై రోజులు మోళ్లు అలాగే ఉంటే బాగా టెన్షన్ పడ్డాను. రోజూ గోటితో బెరడు గీకి పచ్చగా ఉందా అని చూసేదాన్ని. జనవరి 3న ఒక కణుపు దగ్గర గోధుమగింజంత ఎర్రటి ముడి కనిపించింది. ఈ రోజు లెక్కపెట్టాను, 61 చిగుళ్లు. కొత్త ఆకులు పచ్చగానే ఉన్నాయి, అన్నభేది అవసరం పడేలా లేదు.

తోట మాస్టారు · జనవరి 9

రెండంగుళాలు సాగాక రెండు గుప్పిళ్ల వర్మికంపోస్ట్, అర చెంచా పొటాష్. డీఏపీ జోలికి పోవద్దు. చిగుళ్లు జానెడు అయ్యాక బాగా పొడుగు సాగిన వాటి కొసలు గోటితో గిల్లెయ్, పక్క రెమ్మలు వస్తాయి. ఫిబ్రవరి మధ్య నుంచి నీళ్లు పెంచు.

మైలవరం అమ్మాయి · ఫిబ్రవరి 26

మొగ్గలు వచ్చాయి! కానీ ఒక సమస్య. కొన్ని మొగ్గలు తెల్లబడకుండా ఊదా రంగుకు తిరిగి, అడుగున ఉబ్బి, విచ్చుకోకుండా రాలిపోతున్నాయి. ఒకటి చీల్చి చూస్తే లోపల సన్నటి తెల్ల పురుగులు కదులుతున్నాయి. పక్కనే ఉన్న ముద్దమందారం మొగ్గలు కూడా పసుపుబారి రాలుతున్నాయి. రెండింటికీ సంబంధం ఉందా?

గోదారి గట్టు · ఫిబ్రవరి 26

ఉందమ్మా. మొగ్గ ఈగ అంటాం, దోమ కన్నా చిన్నది. మందారం మొగ్గల్లో పెరిగేదే మల్లెకూ వస్తుంది. మొగ్గ లోపల గుడ్లు పెడితే పురుగు మొగ్గను తిని మట్టిలోకి రాలి, అక్కడ గూడు కట్టి మళ్లీ ఈగై లేస్తుంది. మొగ్గ లోపలికి మందు చేరదు కాబట్టి పైపైన కొడితే లాభం లేదు. రోజూ పొద్దున ఊదా మొగ్గలు, మందారం పసుపు మొగ్గలు, కింద రాలినవి అన్నీ ఏరి కవర్లో మూట కట్టి ఎండలో పడేయండి. కుండీలోనో కంపోస్టులోనో వేస్తే మళ్లీ మొదటికొస్తుంది. రెండు కుండీల పై మట్టి రెండు రోజులకోసారి గీకి, గుప్పెడు వేపపిండి కలపండి. సాయంత్రం వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బు నీళ్లతో కొట్టండి. మందారాన్ని మేడకు ఆ చివరికి మార్చండి.

మూడో అంతస్తు · మార్చి 2

నా చామంతి పూసింది. అందరి తర్వాత, చలి వెళ్లిపోయే వేళ, కానీ కుండీ కనబడనంతగా పూసింది. రెండు నెలలు ఒక్క సాయంత్రం కూడా గుడ్డ కప్పడం మానలేదు. ఊరెళ్లినప్పుడు తాళం పక్కింటి వాళ్లకు ఇచ్చి వెళ్లాను. మాస్టారూ, మీకు చాలా థ్యాంక్స్.

మైలవరం అమ్మాయి · మార్చి 31

ఐదారు రోజులు ఏరితే ఊదా మొగ్గలు తగ్గిపోయాయి. మార్చి 11న మొదటిసారి పూలకు కోశాను, 14 మొగ్గలు. 20కి 50 దాటాయి. ఉగాది ముందురోజు అమ్మ వచ్చింది. పొద్దున ఐదున్నరకు ఇద్దరం మేడెక్కాం. నేను విచ్చుకోబోతున్న లావు మొగ్గలు కోస్తుంటే చేయి పట్టుకుని ఆపి, "అవి రేపటివి, పాల రంగు తిరిగి కొన గట్టిగా ఉన్నదే ఈ సాయంత్రం విచ్చుకునేది" అని ఒక్కొక్కటే చూపించింది. ఆ లెక్కన 83 కోశాం. తడిగుడ్డలో చుట్టి పెట్టి, సాయంత్రం తనే అరటినారతో రెండు మూరలు కట్టింది. ఏడింటికి జడలో ఉండగానే విచ్చుకున్నాయి.

మోళ్ల ఫోటో అప్పుడు చూపించాను. "ఇంత కిందికి ఎవరు కోయమన్నారు?" అంది. ఈ పేజీ అంతా చదివి వినిపించాను. గొర్రెల దగ్గర ఆపి మళ్లీ చదవమంది.

ఇప్పుడు పూత కొంచెం తగ్గుతోంది. పూసిన కొసలు తుంచాలా?

తోట మాస్టారు · మార్చి 31

పూలు రాలిన గుత్తి కింద రెండు ఆకుల జతలు వదిలి తుంచు. గుప్పెడు కంపోస్ట్, నీళ్లు బాగా. ఐదారు వారాల్లో రెండో పూత. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఓరుగల్లు పెరడు · ఏప్రిల్ 1

అమ్మా, నా ఎనిమిదేళ్ల మొక్క పోయిందని చెప్పాను కదా. మీ దొంతరమల్లె అంటు ఒకటి దొరుకుతుందా? ఇసుకలో గుచ్చినవి ఏమయ్యాయి?

మైలవరం అమ్మాయి · ఏప్రిల్ 1

పన్నెండు గుచ్చితే మూడు నాటుకున్నాయండి. రెండింటికి ఆకులు బాగా వచ్చాయి. కానీ ఈ ఎండల్లో ప్రయాణం వద్దని అమ్మ అంటోంది. తొలకరి పడగానే ఒకటి మీకు, ఇంకొకటి విశాఖ మేడ గారికి. అప్పటిదాకా కొత్త కుండీలో మట్టి కలిపి ఉంచండి, ఎండ పడే చోట.